ఇంటికి ముందు ఇరుగుపొరుగు: హోసూరులో నివాసప్రాంతాన్ని ఎంచుకోవడం

ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో హోసూరుకు వచ్చే తెలుగు కుటుంబానికి మొదటి రోజే కొంత ధైర్యం కలుగుతుంది. బస్టాండులో టీ అడిగినా, ఆటో మాట్లాడుకున్నా, కూరగాయలు బేరమాడినా ఎదుటివారు తరచుగా తెలుగులోనే బదులిస్తారు. ఇది నిన్నమొన్న వలస వచ్చిన తెలుగు కాదు. మొరసునాడుగా పేరొందిన ఈ సీమలో తరతరాలుగా వేళ్ళూనుకొని ఉన్న తెలుగు. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. అందువల్ల ఇక్కడి వీధిలో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. కార్యాలయంలోని కాగితం మాత్రం తమిళంలో నడుస్తుంది.

కొత్తగా వచ్చినవారు ఈ తేడాను మొదటినుండి గుర్తుంచుకోవడం అవసరం. మాట కలిసిన చోట మనసు కుదుటపడుతుంది. కాని దారి, నీరు, బడి, పత్రం అనే నాలుగు విషయాలు మాటతో తేలేవి కావు. ఇల్లు బాగున్నదా అని చూసే ముందు ఆ ఇల్లు ఉన్న పేటలో ఈ నాలుగూ ఎలా ఉన్నవో విచారించాలి. ఆ విచారణ ఎలా చేయాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నగర స్వరూపం

1970ల దశకంలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఏర్పడినప్పటినుండి హోసూరు రూపం మారుతూ వచ్చింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి సంస్థల కర్మాగారాలు వచ్చాయి. వాటి వెంట విడిభాగాలు తయారుచేసే చిన్న పరిశ్రమలు అనేకం వెలిశాయి. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లానుండి కృష్ణగిరి జిల్లా వేరుపడింది. మత్తిగిరి, జూజువాడి, మూకండపల్లి, ఆవలపల్లి, చెన్నత్తూరు వంటి చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకొని పెరిగిన హోసూరు పురపాలక సంఘం 2019లో నగరపాలక సంస్థ అయింది.

44వ జాతీయ రహదారి నగరాన్ని రెండుగా చీల్చుకొంటూ సాగుతుంది. వాయవ్య దిశలో మూకండపల్లి, జూజువాడి దాటితే కర్ణాటకలోని అత్తిబెలె. ఆగ్నేయ దిశలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కృష్ణగిరి. రహదారికి ఉత్తరంగా బాగలూరు దారి, దక్షిణంగా మత్తిగిరి మీదుగా డెంకణికోట దారి, నైరుతిగా తళి దారి, ఆగ్నేయంగా రాయకోట దారి పోతాయి. చంద్రచూడేశ్వరస్వామి కొండను ఆనవాలుగా పెట్టుకొంటే కొత్తవారికి దిక్కులు త్వరగా పట్టుబడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రకటనల్లో ‘హోసూరు’ అని ఉన్నంతమాత్రాన ఆ స్థలం నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నట్లు కాదు. బాగలూరు, బేరికె, శూలగిరి, కెలమంగలం దారుల్లోని లేఅవుట్లను కూడా హోసూరు పేరుతోనే అమ్ముతారు. తాగునీరు, వీధిదీపాలు, చెత్త సేకరణ, మురుగుకాలువ వంటివి ఏ స్థానిక సంస్థ బాధ్యతో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటున్నది: అదే వీధిలో ఉన్న ఇంటి పన్ను రసీదును చూపించమని అడగండి. రసీదు మీద నగరపాలక సంస్థ పేరు ఉంటే వార్డు సంఖ్య కూడా తెలుస్తుంది. పంచాయతీ పేరు ఉంటే, రేపు మీ విన్నపం అందుకోవలసినది ఆ పంచాయతీయే.

దారి: కిలోమీటర్లు కాదు, గంటలు

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. భర్తకు జూజువాడి సమీపంలోని కర్మాగారంలో పని. భార్యకు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీలో ఉద్యోగం. కొడుకు ఆరవ తరగతి చదవాలి. వెంట వృద్ధురాలైన తల్లి ఉన్నారు. మత్తిగిరి వైపు బాడుగ తక్కువ, గాలి బాగున్నది అని వారు అక్కడ ఇల్లు చూశారు. ఇల్లు మంచిదే. కాని సంపాదించే ఇద్దరూ ప్రతి ఉదయం ఊరిని దాటి, రహదారిని చేరి, వాయవ్య దిశకే పోవాలి. భార్యకు రానూపోనూ రోజుకు అదనంగా గంట పడితే, నెలకు 25 పనిదినాల లెక్కన 25 గంటలు. అంటే ఒక పూర్తి పగలూ రాత్రీ దారిలోనే గడిచినట్లు. బాడుగలో మిగిలిన సొమ్మును ఈ గంటలతో పోల్చి చూడాలి. మరోవైపు మూకండపల్లిలో ఉంటే ఇద్దరికీ దారి కలిసివస్తుంది. కాని భారీ వాహనాల రాకపోకలు, కర్మాగారాల శబ్దం, వృద్ధురాలు నడవడానికి తగిన చోటు వంటివి చూసుకోవాలి. ఈ రెండింటిలో ఒకటే సరైనదని చెప్పలేము. ఇంట్లోని ప్రతి ఒక్కరి రోజునూ లెక్కలోకి తీసుకొన్నాకే నిర్ణయించాలన్నది మాత్రం నిశ్చయం.

హోసూరునుండి బెంగళూరు నడిబొడ్డుకు సుమారు 40 కిలోమీటర్లు. అత్తిబెలె వద్ద, ఎలక్ట్రానిక్స్ సిటీ పైవంతెన మార్గంలో టోలు చెల్లించవలసి ఉంటుంది. సొంత వాహనంలో పోయేవారు ఇంధనంతో పాటు దీనినీ నెలఖర్చులో వేసుకోవాలి. రైలు మార్గంలో హోసూరు తరువాత ఆనేకల్ రోడ్, హీలలిగె, కార్మెలారం స్టేషన్లు వస్తాయి. హీలలిగె ఎలక్ట్రానిక్స్ సిటీకి చేరువలో ఉన్నది. రైళ్ళ సంఖ్య తక్కువ కాబట్టి మీ పనివేళలకు కుదిరే రైలు ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. 2025 ఆగస్టులో బెంగళూరు మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర వరకు ప్రారంభమైంది. అక్కడిదాకా బస్సులో చేరగలిగినవారికి నగరంలోని దక్షిణ ప్రాంతాలు మునుపటికంటే దగ్గరయ్యాయి.

కర్మాగారంలో పనిచేసేవారు సంస్థ బస్సు ఏయే చోట్ల ఆగుతుందో అడిగి, ఆ స్టాపులకు నడకదూరంలో ఇల్లు చూసుకోవడం మంచిది. రాత్రి షిఫ్టు ఉన్న స్త్రీలు, బస్సు దిగిన చోటునుండి ఇంటి గుమ్మం వరకు ఉన్న చివరి అరకిలోమీటరును రాత్రి పదకొండు గంటలకు తోడుతో ఒకసారి నడిచి చూడాలి. వీధిదీపాలు వెలుగుతున్నవా, తెరిచి ఉన్న దుకాణం ఒక్కటైనా ఉన్నదా, కుక్కల బెడద ఎంత అనేవి పగటిపూట తెలియవు. అడ్వాన్సు చెల్లించే ముందు ఇంటినుండి పనిచోటుకు అసలు షిఫ్టు వేళల్లో రెండుసార్లు ప్రయాణం చేయండి. ఆదివారం మధ్యాహ్నం చూసిన దారి సోమవారం ఉదయపు దారి కాదు.

కృష్ణగిరి ఎవరికి అనుకూలం?

హోసూరుకూ కృష్ణగిరికీ నడుమనున్న శూలగిరి, కురుబరపల్లి పారిశ్రామిక ప్రాంతాల్లో గాని, బర్గూరు, పోచంపల్లి వైపు గాని పనిచేసేవారు హోసూరులోనే ఉండాలన్న నియమం లేదు. కృష్ణగిరి జిల్లా కేంద్రం. కలెక్టరు కార్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల అక్కడ ఉన్నాయి. బెంగళూరు, చెన్నై, సేలం దిశలకు జాతీయ రహదారులు అక్కడ కలుస్తాయి. కాని పట్టణానికి రైల్వేస్టేషను లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. తరచుగా సొంతవూరికి పోయిరావలసినవారికి కుప్పం స్టేషను ఉపయోగపడుతుంది. కుటుంబంలో ఒకరికి బెంగళూరులో పని ఉంటే మాత్రం కృష్ణగిరి నివాసం రోజువారీ ప్రయాణానికి భారమవుతుంది.

నీరు: వేసవిలో అడగవలసిన ప్రశ్న

ఈ జిల్లాలో భూగర్భజలం అన్నిచోట్లా తాగడానికి తగినది కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోని నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉండి పళ్ళకూ ఎముకలకూ హాని చేస్తున్నందువల్లనే హొగెనకల్ వద్ద కావేరి నీటిని శుద్ధిచేసి తెచ్చే పథకాన్ని జపాన్ ఆర్థిక సహాయంతో నిర్మించి 2013లో ప్రారంభించారు. కాబట్టి ఇంట్లో బోరు ఉన్నదన్న సమాధానంతో తృప్తిపడకండి. తాగునీటి కుళాయి కనెక్షను ఉన్నదా, ఎన్ని రోజులకొకసారి నీరు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఎంత పెద్దది అని అడగండి. యజమానిని అడిగిన ప్రశ్ననే పక్కింటివారినీ అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు కొన్నారో, ఒక్కొక్కదానికి ఎంత ఇచ్చారో వారు చెప్పే లెక్కే నిజమైన లెక్క. బోరునీటిని తాగక తప్పనిచోట ముందుగా నీటి పరీక్ష చేయించాలి.

నీరు లేకపోవడం ఒక కష్టమైతే, నీరు నిలవడం మరొక కష్టం. ఇది చెరువులు, కుంటలు గొలుసుగా ఉన్న సీమ. పై చెరువు నిండితే నీరు కాలువ వెంట కింది చెరువుకు పోతుంది. ఆ కాలువ మీదనో చెరువు అంచుననో వేసిన లేఅవుటు ఎండాకాలంలో మైదానంలా కనిపిస్తుంది. పెద్దవాన పడిన రాత్రి తన పాతరూపాన్ని గుర్తుచేస్తుంది. ఆ ఊరి పాత రైతును ఒకరిని పలకరించి, వాననీరు ఎటునుండి వచ్చి ఎటు పోతుందో అడగండి. నగరానికి చేరువలోని కెలవరపల్లి జలాశయంలోకి బెంగళూరు వైపునుండి వచ్చే మురికివల్ల దక్షిణ పినాకినిలో నురుగు తేలడం అందరికీ తెలిసినదే. నది, కాలువల పక్కన ఇల్లు చూసేవారు వాసన, దోమలు, బావినీటి నాణ్యత విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

బడి: తెలుగు ఉన్నదా, తమిళానికి సాయం ఉన్నదా?

2006 నాటి తమిళ బోధన చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలల్లో తమిళాన్ని పాఠ్యాంశంగా నేర్చుకోవలసి ఉంటుంది. ఒకటవ తరగతిలో చేరే బిడ్డకు ఇది భారం కాదు; వీధిలోని తోటిపిల్లలే సగం నేర్పుతారు. ఆరవ తరగతిలోనో ఎనిమిదవ తరగతిలోనో వచ్చి చేరే బిడ్డ మాత్రం అక్షరాలనుండి మొదలుపెట్టి తరగతిని అందుకోవాలి. అందుచేత పాఠశాలను ఎంచుకొనేటప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలకు తమిళం ఎలా నేర్పుతారు, పరీక్షల విషయంలో భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు ప్రస్తుతం ఏ వెసులుబాటు అమలులో ఉన్నది అని ప్రధానోపాధ్యాయుల వద్ద స్పష్టంగా తెలుసుకోవాలి.

హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లో తెలుగు బోధించే ప్రభుత్వ పాఠశాలలు ఉన్నాయి. బడి పేరు విని తృప్తిచెందక, ఈ విద్యాసంవత్సరంలో తెలుగు ఉపాధ్యాయులు పనిచేస్తున్నారా, మీ బిడ్డ తరగతిలో తెలుగు చదివే పిల్లలు ఎందరు అని అడగండి. బిడ్డ ఇంటిభాషను నిలుపుకోవడం, ఉన్నచోటి భాషను నేర్చుకోవడం పరస్పర విరుద్ధాలు కావు. ఇక్కడ పుట్టిపెరిగిన తెలుగువారిలో ఎందరో మూడు నాలుగు భాషలు సునాయాసంగా మాట్లాడతారు. నివాసప్రాంతం ఈ రెండింటికీ అవకాశమిచ్చేదిగా ఉండాలి.

పత్రం: చదవలేని కాగితం మీద సంతకం చేయకండి

మధ్యవర్తి తెలుగులో ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఒప్పందంలో రాసి ఉన్నదే చెల్లుతుంది. ఇక్కడి దస్తావేజులు సాధారణంగా తమిళంలో ఉంటాయి. తమిళం చదవగల, ఆ లావాదేవీతో సంబంధం లేని వ్యక్తితోనో, మీరు స్వయంగా నియమించుకొన్న న్యాయవాదితోనో చదివించుకొని అర్థం తెలుసుకొన్నాకే సంతకం పెట్టాలి. అమ్మేవారు తెచ్చిన వ్యక్తి చదివి వినిపించడం ఇందుకు చాలదు.

బాడుగకు తీసుకొనేవారి విషయంలో, 2019 ఫిబ్రవరినుండి అమలులో ఉన్న తమిళనాడు భూస్వాములు, కిరాయిదారుల హక్కుల, బాధ్యతల చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. దానిని బాడుగ వ్యవహారాల అధికారి వద్ద నమోదు చేయాలి. వేరుగా ఒప్పుకొంటే తప్ప డిపాజిట్టు మూడు నెలల బాడుగకు మించరాదని ఆ చట్టం చెబుతుంది. బెంగళూరు వాడుకను చూపి పది నెలల అడ్వాన్సు అడిగితే, ఈ విషయాన్ని ప్రస్తావించి మాట్లాడుకొనే హక్కు మీకున్నది. విద్యుత్తుకు వేరే మీటరు ఉన్నదో లేదో కూడా చూడండి. ఇక్కడ బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది. గృహ కనెక్షనుకు అందులో 100 యూనిట్లు ఉచితం. నాలుగు వాటాలకు ఒకే మీటరు ఉండి, యజమాని యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తే ఆ మేలు మీకు అందకపోవచ్చు.

భోగ్యం అనే పద్ధతి కూడా ఇక్కడ వాడుకలో ఉన్నది. ఒకేసారి పెద్దమొత్తం ఇచ్చి, నెలనెలా బాడుగ లేకుండా రెండు మూడేళ్ళు నివసించి, పోయేటప్పుడు ఆ మొత్తాన్ని తిరిగి తీసుకోవడం దీని స్వరూపం. చూపుకు లాభసాటిగా ఉంటుంది. కాని ఆ ఇల్లు అంతకుముందే బ్యాంకు తాకట్టులో ఉండి యజమాని బాకీ కట్టలేకపోతే, మీరు జీవితకాలం కూడబెట్టిన సొమ్ము చిక్కులో పడుతుంది. భోగ్యానికి పోయేవారు ఇల్లు కొనేవారు చూసినన్ని పత్రాలూ చూడాలి. ఒప్పందాన్ని రిజిస్టరు చేయించుకోవాలి.

కొనేవారు ముఖ్యంగా నాలుగు పత్రాలు చూడాలి. ఒకటి, అమ్మేవారి పేరుతో పట్టా. రెండు, ఇక్కడ విల్లంగం అని పిలిచే ఋణభార ధృవపత్రం. కనీసం 30 ఏళ్ళకు తీయించాలి. మూడు, సర్వే కొలతల పటం. దీనిని పట్టుకొని స్థలం మీదికి పోయి హద్దులు కొలిపించాలి. ఆ సర్వే సంఖ్య చెరువు, కాలువ, మేత పోరంబోకు కాదని తేల్చుకోవాలి. నాలుగు, లేఅవుటుకు నగర, గ్రామీణ ప్రణాళికా శాఖ ఇచ్చిన ఆమోదం. ‘పంచాయతీ అప్రూవల్ ఉన్నది’ అన్న మాట దీనికి బదులు కాదు. ఆమోదం లేని స్థలాల రిజిస్ట్రేషనుపై మద్రాసు హైకోర్టు 2016లో ఆంక్ష విధించాక ఎందరో చిన్న కొనుగోలుదారులు ఇబ్బందిపడ్డారు. 500 చదరపు మీటర్లకు మించిన లేదా ఎనిమిది కంటె ఎక్కువ యూనిట్లు గల ప్రాజెక్టుకు రెరా నమోదు కూడా ఉండాలి. రిజిస్ట్రేషను ఖర్చును మరవకండి: 2023 నాటి సవరణ తరువాత ముద్రాసుంకం 7 శాతం, రుసుము 2 శాతం. 20 లక్షల విలువగల స్థలానికి 1,80,000 రూపాయలు అదనంగా సిద్ధం చేసుకోవాలి.

రేపటి మాటకు నేడు వెల కట్టకండి

హోసూరులో విమానాశ్రయం నిర్మిస్తామని 2024 జూన్‌లో తమిళనాడు శాసనసభలో ప్రకటన వెలువడింది. బొమ్మసంద్రనుండి మెట్రోను ఇక్కడికి పొడిగించే ప్రతిపాదన ఉన్నది. ఇవి నగరానికి మేలు చేయగలవే. అయితే ప్రకటనకూ ప్రారంభానికీ నడుమ చాలా ఏళ్ళు గడవవచ్చు, దారి మారవచ్చు, భూసేకరణ పరిధిలోకి మీరు కొన్న స్థలమే రావచ్చు. రాబోయేదాని పేరు చెప్పి ధర పెంచినప్పుడు, నేడు అక్కడ రోడ్డు, నీరు, దీపం, బడి ఉన్నవా అన్నదే మీ ప్రశ్న కావాలి.

ముందు ఒక ఏడాది బాడుగకు ఉండండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పరిచయంలేని ఊరిలో కట్టడం మరింత కష్టం. పై కారణాలన్నింటి దృష్ట్యా, వచ్చిన వెంటనే కొనకుండా, సంపాదించేవారి దారికి అనువైన చోట కనీసం ఒక ఏడాది బాడుగకు ఉండడం ఉత్తమం. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక విద్యాసంవత్సరం గడిస్తే ఏ పేట మీ కుటుంబానికి తగినదో మీకే తెలుస్తుంది. అప్పటికి తమిళ అక్షరాలు కూడా కొన్ని పట్టుబడతాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఎనిమిది ప్రశ్నలకు సమాధానాలు ఒక కాగితం మీద రాసుకోండి:

1. ఇంటి పన్ను ఎవరికి చెల్లుతున్నది: నగరపాలక సంస్థకా, పంచాయతీకా?
2. షిఫ్టు వేళలో పనిచోటుకు ఎన్ని నిమిషాలు పడుతుంది?
3. రాత్రివేళ స్టాపునుండి ఇంటికి నడిచే దారి ఎలా ఉన్నది?
4. తాగునీరు ఎన్ని రోజులకొకసారి వస్తుంది? వేసవిలో ట్యాంకరు ఖర్చు ఎంత?
5. వాననీరు ఎటు పోతుంది?
6. బిడ్డకు బడిలో తెలుగు, తమిళం రెండూ నేర్పేవారు ఉన్నారా?
7. విద్యుత్తు మీటరు వేరుగా ఉన్నదా?
8. ఒప్పందాన్ని నాకోసం చదివినవారు ఎవరు?

చివరి ప్రశ్నకు సమాధానం దొరకకపోతే డబ్బు చేతులు మారకూడదు.

స్థిరపడ్డాక చేయవలసిన పనులు రెండు మూడున్నాయి. ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి. ఓటరు జాబితాలో పేరును ఫారం 8 ద్వారా ఇక్కడికి మార్చుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జాతీయ ఆహార భద్రత పథకం కింద రేషనుకార్డు ఉన్నవారు, తమిళనాడు 2020 అక్టోబరునుండి చేరిన ‘ఒకే దేశం, ఒకే రేషనుకార్డు’ ఏర్పాటు కింద ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం పొందడానికి వీలున్నది. మీ వార్డు సంఖ్యను, వార్డు సభ్యుల పేరును తెలుసుకోండి. కుళాయి రాకపోయినా దీపం వెలగకపోయినా విన్నవించుకోవడానికి పుట్టినవూరు అడ్డు కాదు. ఈ నగరంలో నివసించి పన్ను కట్టే ప్రతి కుటుంబానికీ ఆ హక్కు సమానమే.